పసుపంటిన విజిటింగ్ కార్డు

అశోక్ ఆడిటరు పరీక్ష ప్యాసైన కబురు, అతను బస్సు దిగి ఇంటికి చేరేలోపే ఆత్రేయపురం అంతా తిరిగేసింది. తిప్పింది వాళ్ళక్క వీరవేణి. పక్కింటి ఫోనులో తమ్ముడు చెప్పిన మాట చెవిన పడటమే ఆలస్యం, పోస్టుమేనుకి చెప్పింది, పాలవాడికి చెప్పింది, పూతరేకులు కొనడానికి కారాపిన ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పింది. ఆడిటరంటే ఏంటమ్మా అని ఎవరైనా అడిగితే, ఎంత కోటీశ్వరుడైనా మా తమ్ముడు సంతకం పెట్టకపోతే గవర్నమెంటుకి మొహం చూపించలేడని అర్థం చెప్పేది. మరీ అంత తప్పు అర్థం కూడా కాదు.

ఆవిడ సంబరానికి కారణం ఉంది. తల్లీ తండ్రీ ఏడాది తిరక్కుండా ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు అశోక్‌కి ఇంకా లాగు బొత్తాలు పెట్టుకోవడం సరిగ్గా రాదు. అప్పటికే వీరవేణి మొగుడు కాలవలో పడి చనిపోయాడు. పిల్లా జెల్లా లేదు. అత్తవారు పసుపూ కుంకాలతో పాటు ఇంట్లో చోటు కూడా తీసేసుకుంటే, పుట్టింటికి వచ్చి కుండ ముందు కూర్చుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి, అందులో ముంచిన గుడ్డ. ఆ గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు లేస్తుంది. అలా తీసిన రేకులే తమ్ముడి పుస్తకాలయ్యాయి, హాస్టలు ఫీజులయ్యాయి, చివరికి పేరు పక్కన ఇంగ్లీషు అక్షరాలయ్యాయి. దానికామె ఎన్నడూ త్యాగమని పేరు పెట్టలేదు. పైగా వాడు చదవకపోతే వీపు చిట్లగొట్టేది. ఆ సంగతి కూడా ఊరంతటికీ తెలుసు.

ఆ ఇంగ్లీషు అక్షరాలతోనే అశోక్ రాజమండ్రిలో విజిటింగ్ కార్డులు వేయించుకుని వచ్చాడు. తొంభై ఎనిమిదో సంవత్సరం మాట అది. చిన్న అట్టపెట్టె మూత తీసి ఒక కార్డు పైకెత్తి అక్కకి చదివి వినిపించాడు. కె. అశోక్, బి.కాం., ఏ.సి.ఏ., చార్టర్డ్ అకౌంటెంట్. తెల్లటి కార్డు మీద నల్లటి అక్షరాలు తప్ప పువ్వూ లేదు, కాయా లేదు. ఇంత బోసిగా ఉందేంట్రా అని వీరవేణి అడిగింది. అలాగే ఉండాలని వాడు చెప్పాడు. మర్నాడు మద్రాసు నుంచి రొయ్యల ఎగుమతి కంపెనీ పెద్దాయన రాజమండ్రి హోటల్లో దిగుతున్నాడట. వాళ్ళ లెక్కలు తన చేతికొస్తే ఇక వెనక్కి చూసుకోనక్కర్లేదట. కొత్త మనిషిని చూడగానే ఏమనుకుంటారో అదే చివరిదాకా ఖాయమైపోతుందనీ, నోరు తెరవకముందే మన గురించి చెప్పేది ఈ కార్డేననీ అశోక్ అక్కకి వివరంగా బోధపరిచాడు. వీరవేణి బాగానే విన్నది. వినడం వల్లే వచ్చింది అసలు చిక్కు.

తెల్లారి అశోక్ కాలవకి స్నానానికి వెళ్ళాడు. ఆ కాసేపట్లో వీరవేణికి పెట్టె మీద నుంచి చూపు మరలలేదు. అచ్చేసిన కార్డు ఏదైనా పసుపు రాయకుండా గడప దాటడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెళ్ళి శుభలేఖకి పసుపు, గృహప్రవేశానికి పసుపు, ఓణీల ఫంక్షనుకి కూడా నాలుగు మూలలా పసుపే. పసుపు లేకుండా ఇంటింటికీ వెళ్ళే కార్డు ఒక్కటే ఉంటుంది, అది దినకర్మల కార్డు. తమ్ముడు మొట్టమొదటి పనికి వెళుతూ చేత్తో చావు కార్డు పట్టుకెళుతున్నట్టు తోచి ఆమెకి ఒళ్ళు జలదరించింది.

అయితే తను పసుపు ముట్టుకోకూడదు. భర్త పోయిన మనిషి చెయ్యి శుభానికి పనికిరాదని ఆమెకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అందుకని గోడ మీంచి బుల్లెమ్మని కేకేసింది. పక్కింటి బుల్లెమ్మ నలుగురు పిల్లల తల్లి, మొగుడు గుండ్రాయిలా ఉన్నాడు, ఊళ్ళో ఏ పేరంటానికైనా మొదటి పిలుపు ఆమెదే. బుల్లెమ్మ పసుపు తడిపి పీట వేసుకు కూర్చుంది. వీరవేణి మాత్రం చేతులు రెండూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి, అక్షరాల మీద పడకుండా రాయమనీ, మూల వదిలెయ్యొద్దనీ అజమాయిషీ చేసింది. రాసిన కార్డుల్ని బుల్లెమ్మే కుండ వేడి తగిలేలా పరిచి ఆరబెట్టి, మళ్ళీ పెట్టెలో సర్ది మూత పెట్టింది. ఒక్క కార్డు కూడా వీరవేణి వేలితో తాకలేదు.

అశోక్ బయల్దేరే వేళకి ఆమె పెరట్లోకి తప్పుకుంది, ఎదురు పడకుండా. బుల్లెమ్మ నీళ్ళబిందెతో ఎదురొచ్చింది. బొబ్బర్లంక మీదుగా వెళ్ళే బస్సు మోత వినిపించేదాకా వీరవేణి దడి సందులోంచి చూస్తూనే ఉంది.

ఆ హోటల్లో ఏం జరిగిందో తర్వాత అశోక్ నోటి వెంటే తెలిసింది. మద్రాసు ఆయన మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వేసుకుని ఏసీ గదిలో కూర్చున్నాడు. తొందరలో అశోక్ చూసుకోకుండా ఇచ్చిన కార్డు అందుకుని, మర్యాదకి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎందుకో మళ్ళీ తీస్తే, జేబు అంచున పసుపు మరక, వేళ్ళకి పసుపు. ఎవరిదైనా పెళ్ళా అని ఇంగ్లీషులో అడిగాడు. పక్కనున్న గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు. అశోక్ కంగారుగా పెట్టె తెరిచి ఇంకో కార్డు తియ్యబోతే అదీ అంతే, దాని కిందదీ అంతే. ఆయన జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకుంటుంటే అశోక్ రాత్రంతా బట్టీ పట్టిన మాటల్లో సగం మర్చిపోయాడు. ఆ లెక్కలు విజయవాడ ఆడిటరెవరికో వెళ్ళిపోయాయి.

సాయంత్రం ఇంటికొచ్చి పెట్టెని కుండ పక్కన పెట్టాడు. ఇదెవరు చేశారని అడిగాడు. నేనే చేయించానురా అన్నది వీరవేణి. బుల్లెమ్మ చేత రాయించానని చెప్పబోయింది కానీ, వాడు చెప్పనివ్వలేదు.

"నీ చెయ్యి పడిందిగా. ఇంకేం కలిసొస్తుంది."

గట్టిగా కూడా అనలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు. ఊళ్ళో ఎవరైనా ఆ మాట అనుంటే వీరవేణి వాళ్ళ ఏడుతరాల్నీ వీధిలోకి లాగి ఉండేది. అన్నది తమ్ముడు. నేను ముట్టుకోలేదురా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. అప్పుడు వాడు అన్న మాట తప్పని కాదు, తను జాగ్రత్తపడ్డానని మాత్రమే చెప్పినట్టవుతుంది. అది చెప్పుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది. కంచంలో అన్నం పెట్టి, వాడు తినేదాకా పక్కనే కూర్చుంది.

మర్నాడు అశోక్, తల తిరిగి ఏదో వాగాను ఏమీ అనుకోకక్కా అన్నాడు. పోన్లేరా అంది. నిజంగానే పోనిచ్చిందనుకుంది. ఆ కార్డుల్ని మంటలో వేసి వాటితోనే ఆ పూట రేకులు తీసింది. పసుపు కాలిన వాసన సాయంత్రందాకా ఇంట్లోంచి పోలేదు.

తర్వాత అశోక్ రాజమండ్రి దానవాయిపేటలో చిన్న ఆఫీసు తెరిచాడు. మొదట్లో ఆదివారం ఆదివారం వచ్చేవాడు. తర్వాత పండక్కి వచ్చేవాడు. ఆపైన పనెక్కువగా ఉందని ఫోన్లో చెప్పేవాడు. డబ్బు మాత్రం టంచనుగా పంపేవాడు. వీరవేణి దాన్ని వాడి పెళ్ళికని బ్యాంకులో వేసి, తను యథాప్రకారం కుండ ముందు కూర్చునేది.

ఒకసారి ఉండబట్టలేక డబ్బా నిండా రేకులు పెట్టుకుని చెప్పాపెట్టకుండా ఆఫీసుకి వెళ్ళింది. తలుపు దగ్గర బల్ల వెనకున్న అమ్మాయి, మీరు ఏ కంపెనీ నుంచండీ అని అడిగింది. ఆత్రేయపురం నుంచమ్మా అని చెప్పింది వీరవేణి. లోపల్నించి అశోక్ గబగబా వచ్చి, ఆమెని మెట్లు దింపి ఎదురుగా ఉన్న టీకొట్టుకి తీసుకెళ్ళాడు. అక్కకి ఇష్టమని బన్ను కూడా తెప్పించాడు. తమ్ముడు చిక్కాడని ఆమె బాధపడుతుంటే, ఇంకోసారి వచ్చేముందు ఫోన్ చెయ్యక్కా అన్నాడు. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి పోయే చోటట. మనిషి కట్టే బట్ట, కూర్చునే కుర్చీ, చుట్టూ ఉండేవాళ్ళు, అన్నీ చూసి లెక్క కడతారట. మొదటిసారి పోయిన పరువు మళ్ళీ రాదని తనకి ఒకసారి అనుభవమయిందని కూడా అన్నాడు. ఆ అనుభవం ఏదో వీరవేణికి తెలుసు. టీగ్లాసు కింద పెట్టేసింది.

అక్క మొహం చూసి అశోక్‌కి మనసొప్పలేదు. మోటుబారిన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"కాస్త నిలదొక్కుకోనీ అక్కా. ఒకరోజు నా క్లయింట్లందరి ముందూ నేనే చెబుతా, మా అక్కండీ అని. నన్నింతవాణ్ణి చేసింది ఈవిడేనండీ అని."

బస్సెక్కించి, కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. వాడికి అక్కంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే ఈ కథ చెప్పేవాళ్ళు ఒప్పుకోరు. ప్రేమ ఉంది. దాన్ని నలుగురిలో పెట్టే ధైర్యమే లేదు.

వీరవేణి మాత్రం ఆ మాటని పట్టుకుని బతికింది. వాడి డబ్బు అక్కర్లేదు, మేడ అక్కర్లేదు. మా అక్కండీ అని వాడు నలుగురిలో ఒక్కసారి అంటే చాలు. ఆ మాట వచ్చిన రోజున, చెయ్యి పడిందన్న మాట దానంతటదే రాలిపోతుందని ఆమె నమ్మకం. బుల్లెమ్మతో చెబితే, ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చాలామందిని చూశాంలే అంది. వీరవేణి బుల్లెమ్మతో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

రెండేళ్ళు గడిచాక ఒక రోజు ఇంటి ముందు తెల్లకారు ఆగింది. దిగినావిడ పేరు దుర్గాశ్రీ, రాజమండ్రి రైసుమిల్లు యజమాని భీమరాజు గారి భార్య. మిల్లు పెట్టి పాతికేళ్ళయిందని ఫంక్షను హాల్లో విందు చేస్తున్నారు. వచ్చినవాళ్ళ కళ్ళెదుటే రేకులు తీసి వేడివేడిగా పెట్టాలట. డబ్బున్నావిడైనా దుర్గాశ్రీకి గర్వం లేదు. అరుగు మీద చతికిలబడి, వీరవేణి రేకు తీస్తుంటే చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసింది. ఈ ఆలోచన ఎవరిదండీ అని వీరవేణి అడిగితే, మా ఆడిటరు అశోక్ గారిదండి అంది. హైదరాబాదు నుంచి బ్యాంకువాళ్ళు వస్తున్నారనీ, చూడగానే మనసులో నిలిచిపోయేది ఏదైనా ఉండాలని ఆయనే చెప్పారనీ, ఎవరి చేత తీయించాలో ఆయన చెప్పకపోతే, బాగా తీస్తారని ఎవరో అనగా విని తనే ఇటొచ్చాననీ, ఆయన మాటంటే భీమరాజు గారికి వేదమనీ చెప్పుకుపోయింది.

వీరవేణి నోటిదాకా వచ్చింది, మా తమ్ముడేనండీ అని. వచ్చిన మాటని వెనక్కి మింగేసింది. ఆ మాట చెప్పాల్సింది తను కాదు. క్లయింట్లందరూ ఉంటారు, బ్యాంకువాళ్ళుంటారు, తనూ ఉంటుంది. వాడన్న రోజు ఇదే అయ్యుంటుంది. ముందుగా ఫోన్ చెయ్యాలని కూడా ఆమెకి తోచలేదు. ఫంక్షను వారం ఉందనగా కొత్తచీర కొని, ఏ రంగు బాగుంటుందని బుల్లెమ్మని అడగడానికి వెళ్ళి, ఆ వంకన మళ్ళీ మాటలు కలిపింది.

ఆ రోజు మధ్యాహ్నం హాలు కిటకిటలాడిపోయింది. ఒక పక్క షామియానా కింద వీరవేణికి పొయ్యి ఏర్పాటు చేశారు. చుట్టూ జనం మూగారు. గుడ్డ లాగినప్పుడల్లా ఆహా అంటున్నారు. ఆమె చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

అశోక్ కోటు వేసుకుని వచ్చాడు. ఆమె వాణ్ణి కోటులో చూడటం అదే మొదలు. భీమరాజు గారు భుజం మీద చెయ్యేసి ఒక్కొక్కరికీ పరిచయం చేస్తుంటే, అశోక్ జేబులోంచి వెండిరంగు డబ్బీ తీసి, అందులోని కార్డుని రెండు చేతులా పట్టుకుని, అక్షరాలు ఎదుటివాళ్ళ వైపు ఉండేలా తిప్పి, కొంచెం ముందుకి వంగి ఇస్తున్నాడు. తీసుకున్నవాళ్ళు కూడా దాన్ని చదివి, వాడి మొహం చూసి, తల పంకిస్తున్నారు. ఎంత పద్ధతిగా ఇస్తున్నాడో అని వీరవేణి మురిసిపోయింది. ఎవరు నేర్పారో వీడికి అనుకుంది. కుండ మీది రేకు ఒకటి మాడింది. ఆమె చేతిలో రేకు మాడి ఎన్నేళ్ళయిందో.

అలా ఇచ్చుకుంటూ ఇచ్చుకుంటూ వాళ్ళు షామియానా వైపు వచ్చారు. భీమరాజు గారు, ఇద్దరు బ్యాంకువాళ్ళు, అశోక్. చూశారా ఆడిటరు గారూ, మీరన్నట్టే పెట్టించాం, అందరూ ఇక్కడే ఉన్నారు అన్నాడు భీమరాజు గారు. అశోక్ తలెత్తి చూశాడు. అక్క కనిపించింది.

చమటకి కొత్తచీర వీపుకి అంటుకుపోయింది. మోచేతులదాకా పిండి. జుట్టులో బూడిద. ఆమె నవ్వింది, నవ్వి లేవబోయింది. సరిగ్గా అప్పుడే బ్యాంకువాళ్ళలో ఒకాయన, మీదీ ఈ చుట్టుపక్కలేనా అని అశోక్‌ని అడిగాడు. అశోక్ గొంతు సవరించుకున్నాడు. మాది మొగల్తూరు వైపండి, మా పొలాలవీ అక్కడేనండి అన్నాడు.

లేవబోయిన వీరవేణి పీట మీద అలాగే ఉండిపోయింది. మొగల్తూరులో వాళ్ళకి ఎవరూ లేరు. అసలు ఆ ఊరు వాళ్ళిద్దరూ చూసైనా ఎరగరు. తను విన్నది తప్పేమో అనుకుంది. కంగారులో అన్నాడేమో, ఇప్పుడు సర్దుకుంటాడేమో అని వాడి మొహం వంక చూసింది.

దుర్గాశ్రీకి ఇవేమీ తెలియదు. మంచి మనసుతో ముందుకొచ్చి, ఈవిడ చేతిపని చూశారా, ఇంత విద్య పెట్టుకుని పల్లెటూళ్ళో పొయ్యి దగ్గర మగ్గిపోతోంది, దీన్నో పెద్ద వ్యాపారం చేసుకునే దారేదైనా మీలాంటివాళ్ళు చెప్పాలి అంది అశోక్‌తో. అందరూ అతని వైపు తిరిగారు.

అశోక్ ఒక అడుగు ముందుకేశాడు. వీరవేణి చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. ఇదే ఆ క్షణమని ఆమెకి ఇంకా ఆశ. వాడి పెదవులు కదిలాయి కూడా. చెయ్యి కోటు జేబులోకి వెళ్ళి వెండిరంగు డబ్బీ తీసింది. కార్డుని రెండు చేతులా పట్టుకుని, అక్షరాలు ఆమె వైపు తిప్పి, కొంచెం వంగాడు.

"ఎప్పుడైనా అవసరమైతే మా ఆఫీసుకి ఫోన్ చెయ్యండి."

వీరవేణి గుండె పగిలింది. దాన్ని ఇంకో రకంగా చెప్పడానికి లేదు. తిట్టినా ఇంత బాధపడేది కాదు. తిట్టేటప్పుడైనా నువ్వు అంటాడు. పుట్టినప్పటి నుంచీ వాడి నోట తనకోసం అండి అన్న మాట రాలేదు, ఈ రోజు వచ్చింది. ఆ ఒక్క మాటతో వాడికి లాగు తొడిగిన చెయ్యీ, వీపు చిట్లగొట్టిన చెయ్యీ, నుదుటి మీద తడిగుడ్డ వేసి జ్వరంలో కాపు కాసిన చెయ్యీ, ఏదీ తనది కాకుండా పోయింది. లేచి నిలబడి నలుగురిలో రెండు మాటలు అడిగితే ఆ కోటు అక్కడే జారిపోతుంది. అడగగల నోరే ఆమెది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. పడితే వాడి కాళ్ళ మీద కూడా పడుతుంది. ఒకసారి తన వల్ల వాడి పరువు పోయింది, రెండోసారి తనే తియ్యడం ఆమె వల్ల కాలేదు.

కొంగుతో పిండి తుడుచుకుంది. వాడిచ్చినట్టే రెండు చేతులా అందుకుంది.

"ఆయ్. అలాగేనండి," అంది.

అశోక్ కళ్ళెత్తి చూడలేదు. చల్లారిపోతాయి తినండి అని బ్యాంకువాళ్ళతో గొణిగి, వాళ్ళకంటే ముందే అక్కడి నుంచి కదిలాడు. రేకు మాత్రం ముట్టుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక దుర్గాశ్రీ పొయ్యి పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది. ఆయన చాలా బిజీ మనిషండి, అందరికీ అలా కార్డు ఇవ్వరు, మీ అదృష్టం అంది. వీరవేణి తల ఊపింది. ఆమె చూపు ఇంకా హాలు అవతలి కొసన ఉన్న నల్లకోటు మీదే ఉండటం గమనించి, మా ఆడిటరు గారు మీకు ముందే తెలుసా ఏంటండీ, అలా చూస్తుండిపోయారు అని అడిగింది దుర్గాశ్రీ.

వీరవేణి గుడ్డని పిండిలో ముంచింది.

"లేదండీ. ఇప్పుడేనండి చూడ్డం. చూడగానే మంచివారిలా ఉన్నారండి."